మూడవ మనిషి యేల చావవలెను?

ప్రణయ నవలలు చదువుట పనిలేనివారి కాలక్షేపమని తీసివేయువారితో మాకు పని లేదు. మన యిండ్లలో కన్యలును గృహిణులును దేనిని శ్రద్ధతో చదువుచున్నారో అది విచారింపదగినదే. వారపత్రికలలో ధారావాహికలు వెలువడిన నాటినుండి, ఫోను తెరపై దినమున కొక భాగము చదువుకొను నేటివరకు, ఈ నవలలలో ఒక యంత్రము మాత్రము మారలేదు. ఒక నాయకుడు, ఇరువురు నాయికలు; కాదేని ఒక నాయిక, ఇరువురు నాయకులు. దీనికే ముక్కోణపు ప్రేమ యని పేరు. ఇట్టిది లోకమున జరుగునా యని కొందరును, ఇది లేక కథ నడువదా యని కొందరును అడుగుచున్నారు. జరుగుననియే మొదటివారికి మా యుత్తరము. నడుచుననియే రెండవవారికి మా యుత్తరము. కాని ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు. ఆ మూడవ మనిషిని రచయితలు తుద కేమి చేయుచున్నారు?

మన ప్రాచీనులకు ఈ చిక్కు లేకపోయెను. మాళవికాగ్నిమిత్రమున ధారిణియు ఇరావతియు అంతఃపురమున నుండగనే అగ్నిమిత్రునకు మాళవిక లభించినది. పెద్దరాణియే ఆమెను చేతి కందిచ్చినది. పారిజాతాపహరణమున సత్యభామ యలుక తీర్చుటకు స్వర్గమునుండి వృక్షము వచ్చినదే కాని, రుక్మిణి యిల్లు విడిచి పోలేదు. ఆ యేర్పాటు న్యాయమని మే మనుట లేదు. సవతి పోరు ఎట్టిదో మన యాడువారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయినను ఆ కవులు తమ యెదుట నున్న గృహమునే చిత్రించిరి. మదరాసు రాష్ట్రమున 1949వ సంవత్సరపు చట్టమును, పిమ్మట 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టమును, భార్య యుండగా మరల పెండ్లాడుటను నిషేధించినవి. అది మేలే జరిగినది. కాని నవలాకారునకు మాత్రము ఒక మనిషి మిగిలిపోయెను. చట్టము తీసివేసిన సదుపాయమును క్షయరోగమును, మోటారు ప్రమాదమును, సమయమునకు పేలెడి తుపాకియు అతనికి తిరిగి సమకూర్చుచున్నవి.

చట్టము రాకముందును ఈ చంపుట లేకపోలేదు. బంకించంద్రుని విషవృక్షము 1873లో గ్రంథరూపమున వెలువడినది. వితంతు వివాహమును చెల్లుబాటు చేసిన శాసనము అప్పటికి పదునేడేండ్ల క్రిందటనే, 1856లో వచ్చియున్నది. నగేంద్రుడు భార్యయగు సూర్యముఖి యుండగా, వితంతువగు కుందనందినిని పెండ్లాడెను. సూర్యముఖి ఇల్లు వెడలిపోయి తిరిగి వచ్చుసరికి కుంద విషము త్రాగవలసి వచ్చెను. కృష్ణకాంతుని వీలునామా 1878లో వచ్చినది. అందు వితంతువగు రోహిణిని గోవిందలాలు తుపాకితో కాల్చి చంపెను. భార్య భ్రమర మనోవ్యథతో కన్నుమూసెను. గోవిందలాలునకు మాత్రము సన్యాసమును శాంతియు దొరకినవి. లెక్క చూడుడు. తప్పటడుగు వేసినవాడు పురుషుడు, మూల్యము చెల్లించినవారు స్త్రీలు. బంకించంద్రుడు అల్ప రచయిత యని యెవరందురు? ఆయన గొప్పవాడగుటచేతనే ఈ పరిష్కారము వెనుకటివారికి ఆదర్శమైనది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. పురోహితుడు మొదలు వంటవాని వరకు మనుష్యులు దొరకుటయే కష్టమైన ఆ దినములలో, వితంతువు బ్రతుకుట నవలలో కంటె వీథిలోనే సులభముగ నుండెనని చెప్పవలసి వచ్చుచున్నది! రవీంద్రుడు 1903లో ప్రకటించిన చోఖేర్ బాలిలో వినోదినిని చంపలేదు. ఆమె బిహారి చేయి కాదని కాశికి పోయినది. చంపుటకంటె అది మేలే. అయినను కాశియు ఒక విధమైన తీసివేతయే.

ప్రతినాయకుడో ప్రతినాయికయో లేక ప్రేమ రక్తి కట్టదని కొందరు వాదింతురు. జేన్ ఆస్టిన్ 1813లో ప్రకటించిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ నవలను వారు మరల చదువవలెను. అందు విక్‌హాము కలడు, కాని ఎలిజబెత్తునకును డార్సీకిని నడుమ నిలిచిన గోడ విక్‌హాము కాడు. అతని యహంకారమును, ఆమె తొందరపాటును, ఆడుబిడ్డలకు దక్కని ఆస్తియు ఆ గోడను కట్టినవి. ఇక మన దేశమున ఇరువురు ప్రేమించుకొన్నచో అడ్డుపడుటకు మూడవ మనిషిని వెదకి తేవలెనా? కులము కలదు. జాతకము కలదు. 1961లో నిషేధింపబడియు పీటలమీద కూర్చుండి లెక్క పెట్టించుకొనుచున్న కట్నము కలదు. వీనిని విడిచి రచయిత అసూయాపరురాలిని పట్టుకొనుట యెందుకనగా, కట్నమునుగూర్చి వ్రాసినచో పుస్తకము కొనిన యింటి యజమానికే కోపము వచ్చును. అసూయాపరురాలిని ఎంత తిట్టినను ఎవరికిని కోపము రాదు.

ఆ యసూయాపరురాలు తెలుగు నవలలో తరచుగ మేనమరదలు. ఇది మమ్ము మిక్కిలి బాధించు విషయము. ఉయ్యాలలో నుండగనే బావ నీ మొగుడే యని మేనత్త చెప్పును, అమ్మమ్మ చెప్పును, పండుగకు వచ్చిన చుట్టములందరును చెప్పి నవ్వుదురు. ఇరువదేండ్లు ఆ మాట విని పెరిగిన పిల్ల, బావ పట్టణమునుండి వేరొకతెను వెంటబెట్టుకొని వచ్చిన దినమున ఏడ్చినచో, రచయిత ఆమె కొక క్రూరమైన చూపును, పట్టుచీరను ఇచ్చి దుర్మార్గురాలిని చేయును. కడపటి ప్రకరణమున ఆమెకు బుద్ధి వచ్చి ప్రేమికుల చేతులు తానే కలుపును. చదువరులు కన్నీరు పెట్టుకొందురు. ఆమెకు ఆశ కల్పించిన పెద్దలు పెండ్లి పందిట విందారగించుచుందురు. వారి నెవరును ప్రశ్నింపరు.

విశ్వనాథ సత్యనారాయణగారి సామాజిక తీర్మానములతో మేమన్నిట ఏకీభవింపము. అయినను ఏకవీరలో ఆయన ఇట్టి మోసము చేయలేదు. మధుర నాయకరాజుల కాలమున ఇరువురు మిత్రులు, కుట్టాన్ సేతుపతియు వీరభూపతియు, ఒకడు ప్రేమించిన కన్యను మరొకడు తెలియకయే పెండ్లాడుదురు. అందు దుర్మార్గు డెవడును లేడు, దుర్మార్గురాలును లేదు. ఆ ముడిని వేసినది సంబంధము కుదిర్చిన పెద్దరికము. కథ విషాదాంతమే, కాని ఆ విషాదమునకు మూలము మనకు కనబడుచునే యున్నది. ముక్కోణము నమ్మదగినదగుట యనగా నిదియే.

కావున ప్రణయ నవల వ్రాయువారిని మేము కోరునది స్వల్పము. మూడవ మనిషి అక్కరలేనిచో తేవలదు. తెచ్చినచో ఆమె కొక వృత్తిని, ఒక స్నేహితురాలిని, పెండ్లి మరునాటి ఉదయమున లేచి చేయుటకొక పనిని ఇండు. మేనమరదలే కావలెనన్నచో, బావ నీవాడని ఆమెకు మొదట ఎవరు చెప్పిరో, ఏ వయస్సున చెప్పిరో, ఆ మాట తప్పిన దినమున ఆ చెప్పినవారు ఎచ్చట నుండిరో ఆ పుటను మాకు చూపుడు.