అమెరికా అభ్యర్థులు: గుణమెంత, దోషమెంత?

2015 డిసెంబరులో ఒక జుమా నమాజు అయ్యాక మస్జిదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. వాళ్ళబ్బాయిది న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "మౌల్వీసాబ్, ట్రంప్ అనే ఆయన ముస్లిములను అమెరికాలోకి రానివ్వకూడదంటున్నాడట. ఆ పార్టీలో మిగిలినవాళ్ళలో మనకు మంచివాడెవరు?" అని అడిగారు. "అవన్నీ ఎన్నికల మాటలు భాయీ, గెలిచాక ఎవరికీ గుర్తుండవు" అని ధైర్యం చెప్పి పంపాను. నా జవాబు తప్పని పదమూడు నెలల్లోనే తేలిపోయింది. ఆయన ప్రశ్నలో కూడా ఒక లోపముందని నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది.

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా పిల్లలను అక్కడికి పంపిన మన ఇళ్ళలో ఇదే ప్రశ్న వినిపిస్తుంది. అందుకే ఆనాటి పోటీని ఒకసారి తిరగేయడం మంచిది. అక్కడ అసలు ఎన్నికకు ముందు పార్టీ లోపల ఇంకో ఎన్నిక జరుగుతుంది. దాన్ని ప్రైమరీ అంటారు. అభ్యర్థిని ఢిల్లీలో అధిష్ఠానం తేల్చినట్టు అక్కడ తేల్చరు. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో పార్టీ ఓటర్లే తేలుస్తారు. 2016లో సంప్రదాయవాదుల పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో పేరున్న అభ్యర్థులే 17 మంది నిలబడ్డారు.

సంప్రదాయవాదులంటే మనకు మొదటినుంచీ శత్రువులని అనుకోవద్దు. కుటుంబం, దైవభక్తి, సొంత వ్యాపారం గురించి వాళ్ళు చెప్పే మాటలు చాలా ముస్లిం ఇళ్ళకు నచ్చేవే. 2000 అక్టోబరులో అమెరికాలోని ముస్లిం సంస్థల ఉమ్మడి వేదిక ఒకటి జార్జి డబ్ల్యూ. బుష్‌నే బలపరిచింది. ముద్దాయికి చూపించని రహస్య సాక్ష్యాలతో వలసదారులను నిర్బంధించడం తప్పని ఆయన టీవీ చర్చలో అన్నందుకు మనవాళ్ళు సంతోషపడ్డారు. ఆ బుష్ పాలనలోనే 2003లో ఇరాక్ మీద దాడి జరిగింది.

మదరసాలో హదీసు ఉల్లేఖకుల గుణదోషాలు పరిశీలించే విద్య ఒకటి మాకు నేర్పేవారు. దాని పేరు జర్హ్ వ తాదీల్. అందులో మంచివాడా, చెడ్డవాడా అన్న ఒక్క ప్రశ్నతో పని జరగదు. నిజాయితీ వేరు, జ్ఞాపకశక్తి వేరు. ఎంత పరహేజ్‌గార్ అయినా జ్ఞాపకం సరిగ్గా లేకపోతే అతని ఉల్లేఖనం బలహీనమే. వయసులో ఉన్నప్పుడు నమ్మదగినవాడై ముసలితనంలో తడబడినవాడుంటే, ఏ మాట ఏ కాలంలో చెప్పాడో విడదీసి చూస్తారు. రాజకీయ నాయకులు హదీసు ఉల్లేఖకులు కారు, ఆ పోలికను మరీ దూరం లాగను. కానీ ఈ విడదీసి చూడటం మాత్రం ఇక్కడ అక్కరకొస్తుంది.

పెద్దాయన కొడుకు ఉండే న్యూజెర్సీ గవర్నరు క్రిస్ క్రిస్టీనే తీసుకోండి. 2011లో ఆయన సొహైల్ మొహమ్మద్ అనే భారతదేశంలో పుట్టిన న్యాయవాదిని రాష్ట్ర న్యాయస్థానానికి జడ్జిగా నియమించారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పట్టుబడిన ముస్లిముల తరఫున వాదించిన లాయరాయన. షరియత్‌ను తెస్తున్నారని సొంత పార్టీ మద్దతుదారులే గోల చేశారు. క్రిస్టీ వెనక్కి తగ్గలేదు. ఇలాంటి పిచ్చివాళ్ళతో విసిగిపోయానని విలేకరుల ముందే మండిపడ్డారు. న్యూయార్క్ పోలీసులు తన రాష్ట్రంలోకి వచ్చి మస్జిదుల మీద, విద్యార్థుల మీద రహస్యంగా నిఘా పెట్టిన సంగతి బయటపడితే 2012లో దాన్నీ తప్పుపట్టారు. ఈ రెండింటివల్లా ఆయన పార్టీలో ఆయనకు కలిసొచ్చే ఓట్లేమీ లేవు. అందుకే ఆ పనులకు విలువ.

అదే క్రిస్టీ 2015 నవంబరుకు అభ్యర్థి అయ్యారు. పారిస్ దాడుల తర్వాత సిరియా శరణార్థుల మాట వచ్చినప్పుడు, అయిదేళ్ళలోపు అనాథ పిల్లలనైనా రానివ్వనన్నారు. 2016 ఫిబ్రవరి 9న న్యూహాంప్‌షైర్‌లో ఓడి, పోటీ మానుకుని, ఆ నెల 26న ట్రంప్ పక్కన నిలబడ్డారు. మరి ఈయన మంచివాడా, చెడ్డవాడా? నన్నడిగితే 2011 నాటి పనిని కొట్టేయను, 2015 నాటి మాటను మన్నించను. ఆయన ధైర్యం గవర్నరు కుర్చీలో ఉన్నంతవరకూ పనిచేసింది, జనం గాలి ఎదురు తిరిగాక పనిచేయలేదు. అధ్యక్షుడు కావాలనుకునేవాడికి ఇది చిన్న లోపం కాదు.

టెడ్ క్రూజ్‌ది దీనికి తలకిందుల కథ. ఐయోవా మొక్కజొన్న రైతుల రాష్ట్రం. మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్‌ను పెట్రోలులో కలిపి తీరాలన్న కేంద్ర నిబంధన వాళ్ళకు బంగారు బాతు. అది పోవాలని వాళ్ళ గడ్డ మీదే నిలబడి చెప్పారు క్రూజ్. ఈయన్ను ఓడించండని ఆయన పార్టీవాడే అయిన గవర్నరు పిలుపిచ్చినా ఫిబ్రవరి 1న గెలిచారు. జనానికి నచ్చని మాట చెప్పగలగడం నాయకుడిలో అరుదైన గుణం, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ రాత్రే, ప్రత్యర్థి బెన్ కార్సన్ పోటీ నుంచి తప్పుకుంటున్నాడన్న వదంతిని ఆయన మనుషులు ఓటర్లలో వ్యాపింపజేశారు. తర్వాత ఆయన క్షమాపణ చెప్పారు. మార్చి 22న బ్రస్సెల్స్ పేలుళ్ళు జరిగితే, అమెరికాలో ముస్లిములుండే పేటల్లో పోలీసు గస్తీ పెట్టాలన్నది కూడా ఈయనే.

కార్సన్ మెదడు శస్త్రచికిత్సలో పేరు మోసిన డాక్టరు. పేద తల్లి పెంపకంలో పైకొచ్చిన మనిషి. 2015 సెప్టెంబరులో, ముస్లిము అమెరికా అధ్యక్షుడు కావడాన్ని తాను సమర్థించనన్నారు. పదవికి మత పరీక్ష ఉండరాదని ఆ దేశ రాజ్యాంగం ఆరవ అధికరణంలోనే రాసి ఉంది. ఒక విద్యలో ఆరితేరినవాడు రెండో విద్యలో ఓనమాలు తెలియనివాడు కావచ్చు.

జాన్ కేసిక్ మెత్తటి మాటల మనిషి. ఒహైయో గవర్నరుగా 2013లో పార్టీని కాదని పేదలకు ప్రభుత్వ వైద్య బీమా విస్తరించారు. శరణార్థుల విషయంలో మాత్రం ఆయన తలుపూ మూసే ఉంది. జెబ్ బుష్ మర్యాదస్తుడు, వలసదారుల కష్టం ఇంట్లో చూసినవాడు, భార్య మెక్సికోలో పుట్టింది. ట్రంప్ నిషేధాన్ని గట్టిగానే ఖండించారు. అయితే అన్నగారు చేసిన ఇరాక్ యుద్ధం సరైనదేనా అని 2015 మేలో అడిగితే తేల్చుకోవడానికి ఆయనకు రోజులు పట్టాయి. మర్యాదగా మాట్లాడేవాళ్ళందరూ మనవాళ్ళని మనం ఇట్టే మోసపోతాం. ఇరాక్‌లో పడిన బాంబులు మర్యాదస్తుల సంతకాలతోనే పడ్డాయి.

ఇక ట్రంప్. 2016 ఫిబ్రవరి 13న సౌత్ కరోలినాలో, బుష్ కుటుంబానికి పట్టున్న చోట, ఇరాక్ యుద్ధం పెద్ద తప్పు అని టీవీ చర్చలో చెప్పారు. సభలో కేకలు వేసినా తగ్గలేదు. మూతపడ్డ ఫ్యాక్టరీల కార్మికుల కడుపుమంటను ఆ 17 మందిలో అందరికంటే ముందు పసిగట్టిందీ ఆయనే. ఇవి గుణాలే. కానీ ఆ యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించానన్న మాట నిలవదు, 2002లో ఒక రేడియో ముచ్చట్లో దాడికి సరేనన్న రికార్డు ఉంది. ఇక నిషేధం. 2015 డిసెంబరు 7న అన్నమాట, 2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాల మీద ఉత్తర్వుగా వచ్చింది. కోర్టులు ఆపితే మార్చి రాశారు. మూడో రూపాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో ఖాయం చేసింది. 2021లో బైడెన్ రద్దు చేస్తే, 2025 జూన్‌లో ట్రంప్ వేరే జాబితాతో మళ్ళీ తెచ్చారు. ఎన్నికల మాట అని నేను కొట్టిపారేసింది దీన్నే.

ప్రత్యర్థులు ఒకరి గురించి ఒకరు చెప్పిన సాక్ష్యం సంగతేమిటి? సమకాలికులు పోటీలో ఒకరినొకరు అన్న మాటలను చుట్టి పక్కన పెట్టమంటారు హదీసు విద్వాంసులు. కారణం చూపి చెబితేనే లెక్క. ట్రంప్‌ను మోసగాడన్నారు మార్కో రూబియో. క్రూజ్ మే 3న ఇండియానాలో ఓడిన రోజు అబద్ధాలకోరు అన్నారు, సెప్టెంబరులో అదే మనిషికి మద్దతు పలికారు. రూబియో 2025లో అదే ట్రంప్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు. అప్పటి సాక్ష్యం అబద్ధమా, ఇప్పటి మద్దతు అబద్ధమా అన్నది వాళ్ళే చెప్పాలి.

ఇంతా చేసి, గెలుపు గుణదోషాల మీదే ఆధారపడిందా అంటే అదీ కాదు. సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది మూడో వంతు ఓట్లే. ప్రతినిధులు మాత్రం 50కి 50 మంది ఆయనకే దక్కారు. మిగతా ఓట్లు అయిదుగురి మధ్య చీలాయి. మన సర్పంచి ఎన్నికల్లో చూడని వింతేమీ కాదిది. అయితే చీలికే కారణమని కూడా చేతులు దులుపుకోలేం. పోలింగు కేంద్రాల దగ్గర అడిగితే, ముస్లిముల ప్రవేశ నిషేధాన్ని ఆ రాష్ట్ర ప్రైమరీలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది సమర్థించారు. అంటే ఇతర అభ్యర్థులకు ఓటేసినవారిలో కూడా ఎంతోమంది అదే కోరుకున్నారు. క్రిస్టీ ఎందుకు మారారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

నిషేధిత దేశాల్లో ఇండియా లేదు. అయినా 2017లో చెల్లెలి నికాహ్‌కు పెద్దాయన కొడుకు రాలేదు. వస్తే తిరిగి వెళ్ళనిస్తారో లేదోనని భయం. 2024 మొదట్లో పెద్దాయన మళ్ళీ ఆపారు. ఈసారి నిక్కీ హేలీ గురించి అడిగారు, మన దేశం మూలాలున్న మనిషి కదా అని. 2015లో ఆ నిషేధం అమెరికా తత్వానికే విరుద్ధమని గవర్నరుగా ఆమె ఖండించిందని చెప్పాను. 2017లో ఐక్యరాజ్యసమితిలో రాయబారిగా కూర్చుని ఆ ఉత్తర్వునే సమర్థించిందనీ చెప్పాను. "అయితే మంచిదా కాదా మౌల్వీసాబ్?" అన్నారు. రెండూ రాసిపెట్టుకోమన్నాను. రాసుకుని ఏం చేయాలి, అబ్బాయి ఇంకా గ్రీన్‌కార్డు వరుసలోనే ఉన్నాడు, ఓటు కూడా లేదు అన్నారాయన. మనవరాలు మాత్రం అక్కడే పుట్టింది, ఏడో తరగతి చదువుతోందట.