పునీతుల బాటలో: పేరు తుడిచినా చెరగని ఇద్దరు



శంషాబాద్ అనగానే మనకు విమానాలు గుర్తొస్తాయి. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాశ్రయం తరలివెళ్లాక ఆ ఊరి రూపే మారిపోయింది. శ్రీసభ చరిత్రలోనూ ఆ పేరు చేరింది. 2017 అక్టోబరు 10న జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు శంషాబాద్ పేరిట సీరో మలబారు మేత్రాసనాన్ని స్థాపించారు. మార్ రాఫెల్ తట్టిల్ గారు తొలి మేత్రాణులు. 2025లో అది అగ్రపీఠమైంది.

'మార్' అంటే ఏమిటని మన విచారణల్లో అడిగేవారున్నారు. సిరియాక్ భాషలో అది 'నా ప్రభూ' అనే గౌరవపు పిలుపు. మేత్రాణులకూ పునీతులకూ వాడతారు. ఆ పిలుపుతోనే కేరళ క్రైస్తవులు తలచుకునే ఇద్దరు మేత్రాణుల కథ ఈ నెల మీ ముందుంచుతున్నాము.

వారు మార్ సాపోర్, మార్ ప్రోత్. రెండవ వారిని ఆఫ్రోత్ అనీ అంటారు. సుమారు 825లో పారశీక దేశం నుండి ఓడమీద కొల్లం రేవుకు వచ్చారని సంప్రదాయం చెబుతుంది. వెంట వర్తకులున్నారు. ఊరు కొత్త, భాష కొత్త. అక్కడి పాలకులు మాత్రం వారిని పరాయివారిగా చూడలేదు. 849లో, చేర రాజు స్థాణు రవి ఏలుబడిలో, వేణాడు అధిపతి అయ్యన్ అడికళ్ కొల్లంలోని తరిసా దేవాలయానికి భూమిని, పన్నుల మినహాయింపులను ఇస్తూ రాగి రేకులపై శాసనం వేయించాడు. ఆ దేవాలయాన్ని కట్టించిన వానిగా అందులో మరువాన్ సాపిర్ ఈశో పేరుంది. ఆయనే మార్ సాపోర్ అని కొందరు, కాదు వర్తక ప్రముఖుడని కొందరు పండితులు అంటారు. మాకు మాత్రం శాసనం చివరనున్న సాక్షి సంతకాలే ముచ్చటగా తోస్తాయి. కొన్ని పహ్లవీ లిపిలో, కొన్ని అరబ్బీలో, కొన్ని హెబ్రీ అక్షరాల్లో ఉన్నాయి. ఒక గుడి మాన్యానికి ఇన్ని జాతులవారు సాక్షులుగా నిలబడ్డారు!

ప్రజలు ఆ మేత్రాణులను 'కందీశలు' అన్నారు. పరిశుద్ధులని అర్థం. వారి పేర దేవాలయాలు వెలిశాయి. ఎవరూ ప్రకటన చేయలేదు, జనమే పునీతులన్నారు.

ఇక చెప్పవలసిన చేదు మాట ఒకటుంది. 1599లో గోవా అగ్రపీఠాధిపతి మెనెజెస్ ఉదయంపేరూరులో మహాసభ జరిపించారు. ఈ ఇద్దరూ బాబిలోను నుండి వచ్చారు గనుక నెస్టోరియసు బోధను అనుసరించినవారై ఉంటారని సభ అనుమానించింది. వారిని పునీతులుగా కొలవరాదని, వారి పేరనున్న గుళ్లను సకల పునీతుల పేర మార్చాలని తీర్మానించింది. ఎన్నో సిరియాక్ గ్రంథాలు అగ్నికి ఆహుతయ్యాయి. ఆ పని చేసింది మన లతీను శ్రీసభవారే. రాయడానికి సిగ్గుగానే ఉంది, దాచడం ఇంకా సిగ్గు. ఇద్దరి తప్పేమిటో చూపిన ఆధారమేదీ లేదు. వచ్చిన దేశమే నేరమైంది.

సభ గుళ్ల పేర్లు మార్చగలిగింది గానీ, ఇళ్లలో తల్లులు బిడ్డలకు చెప్పే కథలను ఆపలేకపోయింది. అంగమాలి దగ్గర అకపరంబులో యాకోబీయ సంఘంవారి దేవాలయం ఈనాటికీ మార్ సాపోర్, మార్ ఆఫ్రోత్ల పేరనే ఉంది. కొచ్చి విమానాశ్రయానికి అది దగ్గరే. అక్కడ విమానమెక్కి శంషాబాద్‌లో దిగే మలయాళీ నర్సమ్మ, మన బస్తీలో ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చినప్పుడు, ఎక్కడి నుండి వచ్చావమ్మా అనే మనం ముందుగా అడుగుతాము.