పట్టుకోవడానికి దళం ఉంది, బతికించడానికి ఎవరున్నారు?

గత ఏడాది సంతలో ఒక తల్లి నా చెయ్యి పట్టుకుంది. "మాస్టారూ, మా గుంటడు సచ్చిపోతాడేమో, ఏదో ఒకటి సెయ్యండి" అంది. ఆ గుంటడు నా దగ్గర ఐదో తరగతి చదివినవాడే. ఇంటర్ మధ్యలో మానేసి పట్నంలో కట్టడం పనికి వెళ్లాడు. సిమెంటు బస్తాలు మోసి నడుం పట్టేస్తే తోటి కూలీ ఒక నొప్పి మాత్ర ఇచ్చాడు. నొప్పి పోయింది. మాత్ర మాత్రం పోలేదు. ఒకటి రెండై, రెండు పదయ్యాయి. ఊరికొచ్చాక అవి దొరకలేదు. ఒళ్లంతా విరుపులు, వాంతులు, విరేచనాలు. రాత్రంతా నిద్ర లేదు. ఊళ్లో గాలి సోకిందన్నారు. దిసారి చూశాడు. ఆరోగ్య కేంద్రంలో సెలైన్ ఎక్కించి, విశాఖ తీసుకెళ్లమన్నారు. మా ఊరికి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని ఆ తల్లి ఎన్నిసార్లు తిరగగలదు?

ఆ రోజు ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మన కొండల్లో గంజాయి మొక్క ఎక్కడుందో డ్రోను పైనుంచి చూసి చెబుతుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు. 2024 నవంబరులో రాష్ట్రంలో ఈగల్ దళం వచ్చింది. 1972 నంబరు మన పిల్లలకు నోటికి వచ్చు. వీటిని నేను తప్పు పట్టను. గంజాయి మన ఇళ్లకు మంచి చేయలేదు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష. మూట మోసినవాడు మన కుర్రాడు, డబ్బు పెట్టినవాడు ఎక్కడో ఉన్నాడు. కానీ ఒక్క మాట అడుగుతాను. మన మండలానికి దగ్గర్లో మత్తు మాన్పించే కేంద్రం ఎక్కడుంది? అందులో పడకలెన్ని? మానసిక వైద్యుడు వారానికి ఎన్ని రోజులు ఉంటాడు? ఈ మూడింటికీ జవాబు చెప్పగల టీచరు మనలో ఎంతమంది?

"మాత్రలు, ఇంజెక్షన్లు పట్నం జబ్బు, మనది సారా, గంజాయే కదా" అనే మిత్రులున్నారు. మన పిల్లలు పట్నంలోనే పని చేస్తున్నారు, అక్కడి హాస్టళ్లలోనే చదువుతున్నారు. కేంద్రప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు 2 కోట్లు దాటారని అది చెప్పింది. దానితో సమస్యలో పడ్డవారిలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరుంది. ఇక సారా సంగతంటారా, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అదే సర్వే చెప్పింది. కాబట్టి ఏ మత్తు అన్నది కాదు ప్రశ్న. చికిత్స ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అన్నదే ప్రశ్న.

ట్రమడాల్ మాత్రను 2018లో మత్తుమందుల చట్టం కిందకు తెచ్చారు. 2025 మార్చిలో రాష్ట్రమంతా మందుల షాపులు తనిఖీ చేశారు. మంచిదే. మరి షాపు మూతపడిన మర్నాడు, ఆ మాత్ర లేక వణికే మనిషి ఎక్కడికి పోవాలి? మందు ఆపి మనిషిని వదిలేస్తే వాడు ఇంకా చెడ్డదాన్ని వెతుక్కుంటాడు.

అసలు ప్రాణాపాయం ఎప్పుడో టీచర్లకు తెలియాలి. జైలు నుంచి వచ్చినవాడు, నెల రోజులు మానేసినవాడు మళ్లీ పాత లెక్కలోనే వేసుకుంటే శరీరం తట్టుకోదు. సారాతో కలిపితే ఇంకా ప్రమాదం. ఎంత లేపినా లేవడు. కంటిపాపలు చుక్కల్లా కుంచించుకుపోతాయి. పెదాలు నీలంగా మారతాయి. ఊపిరి మెల్లగా ఆగిపోతుంది. అప్పుడు తాగిన నిద్ర అని వదిలేయకండి. 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆగిపోతే నోటితో ఊపిరి అందించండి. నలోక్సోన్ ఇంజెక్షన్ ఆ ఊపిరిని తిరిగి తెస్తుంది. అది దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. మన ఆరోగ్య కేంద్రం అల్మారాలో ఉందా? వెళ్లి అడగండి. బుప్రెనార్ఫిన్ అనే మాత్రతో ఈ వ్యసనాన్ని అదుపులో పెట్టే చికిత్స ఈశాన్య రాష్ట్రాల్లో ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ఏళ్లుగా జరుగుతోంది. అక్కడి కొండలకు చేరిన మందు మన కొండలకు ఎందుకు చేరదు?

చట్టం మనవైపు కొంత ఉంది. మత్తుమందుల చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ పోవచ్చు. అంటే చికిత్స దగ్గర్లో లేనివాడికి ఈ సెక్షన్ కాగితమే. విశాఖలో ఉన్నవాడికి అది హక్కు, మన్యంలో ఉన్నవాడికి బస్సు చార్జీ.

ఇంకొకటి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకూ ఇచ్చింది. ఇంటికి గీసుకునే కల్లు మీద పరాయి పెత్తనాన్ని సహించక 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. మత్తు మీద మాట మనదే అని అప్పుడు మన పెద్దలన్నారు. ఇప్పుడు చట్టమే ఆ మాట అంటుంటే మనం తీర్మానం పుస్తకం తెరవడం లేదు.

మన తప్పూ చెప్పాలి. ఏటా జూన్ 26న ర్యాలీ తీస్తాం. పిల్లల చేత ప్లకార్డులు పట్టిస్తాం, ఫోటో అప్‌లోడ్ చేస్తాం. జూన్ 27న మత్తులో దొరికిన పిల్లాడికి టీసీ ఇచ్చి పంపేస్తాం. బడి వదిలేసిన పిల్లాణ్ని అందుకోవడానికి బయట ఎవరు కాచుకుని ఉంటారో మనకు తెలియదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభలో మూడు తీర్మానాలు రాయించండి. పాడేరులో వైద్య కళాశాల వచ్చింది కదా, అక్కడ వ్యసన చికిత్సకు పడకలు, డాక్టరు, మందులు ఏడాది పొడవునా ఉండాలి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో, ప్రతి 108 బండిలో నలోక్సోన్, దాన్ని వాడడం తెలిసిన మనిషి ఉండాలి. మందు కొనసాగింపు కోసం విశాఖ పంపకుండా, సంత రోజున మండలంలోనే ఇవ్వాలి. అందాకా బడి గోడ మీద 1972 పక్కన 14446 కూడా రాయండి. అది మత్తు మానాలనుకునేవారికి ఉచితంగా సలహా ఇచ్చే జాతీయ నంబరు.

ఆ కుర్రాణ్ని విశాఖ తీసుకెళ్లాం. రెండు వారాల మందు ఇచ్చారు. మళ్లీ వెళ్లడానికి వాళ్ల దగ్గర డబ్బు లేకపోయింది. నెల తిరక్కుండా మళ్లీ మొదలుపెట్టాడు. వాడికి మానాలని లేదని ఊరంతా అంటోంది. రెండుసార్లు బస్సెక్కి వంద కిలోమీటర్లు వెళ్లినవాడికి మానాలని లేదని నేను ఎలా అనగలను?