అర్జీలో ఒక్క మాట.. ఖాతాలో పదివేలు

మహారాష్ట్రలోని ఓ తెలుగు బడిలో చదువుతున్న పాప తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. ఓ మధ్యాహ్నం ఆమె పొదుపు ఖాతా నుంచి రూ.10,000 పోయాయి. ఫోన్‌కు వచ్చిన సందేశం ఇంగ్లిషులో ఉంది. సాయంత్రం పాప బడి నుంచి వచ్చి చదివితేగాని సంగతి తెలియలేదు. మర్నాడే బ్యాంకుకు వెళ్లారు. రెండు రోజుల కిందట ఎవరో తెలుగులో ఫోన్ చేసి, ఉపకార వేతనం వచ్చిందంటూ పాప పేరు, బడి పేరు అడిగితే చెప్పానని తనకు వచ్చిన మరాఠీలో వివరించారు. అక్కడున్న వారెవరో అర్జీ రాసిపెట్టారు. ఆమె సంతకం చేశారు. కొన్నాళ్లకు జవాబొచ్చింది: వివరాలు మీరే ఇతరులకు చెప్పారు గనుక మా బాధ్యత లేదని.

అర్జీ నకలును బడిలో చదివి చూశాం. ‘ఫోన్‌లో వివరాలు చెప్పాను’ అని ఉంది. ఏ వివరాలో లేదు. ఖాతా స్టేట్‌మెంట్ తీయిస్తే, ఆ డబ్బు ఆధార్ వేలిముద్రతో వేరే ఊళ్లో తీసినట్టు తేలింది. ఆమె ఓటీపీ చెప్పలేదు, పిన్ చెప్పలేదు. పాప పేరు చెప్పడానికీ, వేలిముద్రతో డబ్బు పోవడానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు.

ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో తెలియాలంటే రిజర్వ్ బ్యాంకు నిబంధన తెలియాలి. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో 2017 జూలై 6 నాటి ఉత్తర్వు చెప్పింది. తప్పు బ్యాంకుదైతే మొత్తం బ్యాంకే భరించాలి. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మూడో చోట జరిగితే, బ్యాంకు సందేశం అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే నష్టంలో కొంత మనమే భరించాలి. జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాల్లో ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.5,000, మామూలు పొదుపు ఖాతాల్లో రూ.10,000. ఏడు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది.

కానీ ఖాతాదారే పిన్, ఓటీపీ వంటివి చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయినదంతా అతనిదే. తెలియజేసిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంది. అయితే మన సంతకంతో ఉన్న అర్జీయే ‘నేను చెప్పాను’ అంటే బ్యాంకు ఇక నిరూపించాల్సింది ఏముంటుంది?

ఇక్కడే మన భాష సంగతి వస్తుంది. బ్యాంకుల ఫారాలు హిందీ, ఇంగ్లిష్, ఆ రాష్ట్ర భాషల్లో ఉంటాయి. భివండీలో మరాఠీ, హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. తెలుగు ఉండదు. మోసగాడు మాత్రం మనతో చక్కని తెలుగులో మాట్లాడతాడు. పరాయి చోట మన భాష వినబడితే మనసు మెత్తబడుతుందని వాడికి తెలుసు. తెలుగులో మోసపోయి, రాని భాషలో ఫిర్యాదు చేసుకోవాల్సిన స్థితి మనది. గడువు సందేశం అందిన నాటి నుంచి నడుస్తుంది, మనం చదివించుకున్న నాటి నుంచి కాదు.

మరి ఏం చేయాలి? మొదటి గంటలోనే 1930కి ఫోన్ చేయాలి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. ఆయా రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల పోలీసులే ఫోన్ తీస్తారు. యానాంవారికైనా ఇదే. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే అక్కడే ఆపించే వీలుంది. అందుకే అరగంట తేడా కూడా పెద్దదే. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకుని, 24 గంటల్లోపు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వివరాలు పూర్తిచేయాలి. ఆపిన డబ్బు చేతికి వచ్చేదాకా ఆ నంబరు పారేయకూడదు.

అదే రోజు బ్యాంకుకు చెప్పాలి. కార్డు, యూపీఐ ఆపించాలి. నోటిమాటతో సరిపెట్టకుండా అర్జీ ఇచ్చి, తేదీతో రసీదు పుచ్చుకోవాలి. ఖాతా సొంతూరి శాఖలో ఉందని ప్రయాణం కట్టనక్కర్లేదు, బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకుంటే గడువు నిలబడుతుంది. వేలిముద్రతో డబ్బు పోయి ఉంటే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయాలి. ఆధార్ యాప్‌లో ఆ వీలుంది, 1947కు ఫోన్ చేసి అడగవచ్చు.

పోలీస్ స్టేషన్‌లో ‘నేరం మా పరిధిలో జరగలేదు’ అంటే వెనక్కి రాకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చూపాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సమాచారానికి 14448.

అర్జీ తెలుగులో రాయవచ్చా? ప్రభుత్వ అధికారులకు కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. మన బడుల హక్కులు చెప్పే 350-ఎ దాని పక్కనే ఉంది. పని త్వరగా జరగడానికి కింద స్థానిక భాషలో అనువాదం జతచేయడం మేలు. అసలు మాట తెలుగులో ఉంటే, తర్వాత ఎవరూ దాన్ని మార్చి చెప్పలేరు.

బడి చేయగలిగింది ఇక్కడే ఉంది. ఏమి చెప్పారు, ఏమి చెప్పలేదు, ఎప్పుడు తెలిసింది, ఎంత పోయింది అనే నాలుగు ప్రశ్నలతో తెలుగు అర్జీ నమూనా ఒకటి కార్యాలయంలో ఉంచుకోవచ్చు. నిజంగా ఓటీపీ చెప్పి ఉంటే దాచమని కాదు. చెప్పనిదాన్ని చెప్పినట్టు రాయనివ్వకూడదని. ఏ మాస్టారూ, ఏ టీచరమ్మా తల్లిదండ్రుల పిన్ గాని, ఓటీపీ గాని అడగరాదు. పోయిన డబ్బు తెచ్చిపెడతామని మళ్లీ ఫోన్ చేసి రుసుము అడిగేవారు రెండోసారి దోచుకునేవారేనని సమావేశంలో చెప్పాలి. కమీషన్ ఆశ చూపి ఖాతా అద్దెకు అడిగేవారికి పెద్దపిల్లలు చిక్కకుండా చూడాలి. దొంగసొమ్ము చేరిన ఖాతాదారు ఇంటికే పోలీసులు మొదట వస్తారు.

ఆ తల్లి తరఫున రెండో అర్జీ తెలుగులో, మరాఠీ అనువాదంతో పోయిన వారం ఇచ్చాం. స్టేట్‌మెంట్ జతచేశాం. బ్యాంకు కాదంటే అంబుడ్స్‌మన్‌కు పంపడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఈసారి సంతకానికి ముందు అర్జీని ఆమెకు చదివి వినిపించింది పాపే.