కలగాపులగమా, కలయికా?

మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. నా తెలుగు విని పెద్దమ్మ "కలగాపులగం" అని నవ్వితే, ఆమెతో మాట్లాడ్డమే తగ్గించేశాను.

ఈమధ్య డిక్సీ డ్రెగ్స్ అనే అమెరికన్ బ్యాండ్ విన్నాను. కాప్రికార్న్ కంపెనీకి వాళ్ళు చేసిన రెండో ఆల్బమ్ 'వాట్ ఇఫ్', 1978లో వచ్చింది. అమెరికా దక్షిణాది రాక్‌ను జాజ్ ఫ్యూజన్‌తో కలిపారు. పాడేవాళ్ళే లేరు, అంతా వాద్యాలే. 'గినా లోలా బ్రేక్‌డౌన్'లో పల్లె హుషారు. 'లిటిల్ కిడ్స్'లో స్టీవ్ మోర్స్ గిటార్, అలెన్ స్లోన్ వయొలిన్ మాత్రమే, శాస్త్రీయ కచేరీలా.

తెలియక కలిపితే కలగాపులగమే. వీళ్ళకు అన్నీ వచ్చు, అందుకే ఏ రుచీ పోలేదు.

పెద్దమ్మా, ఇక మాట్లాడ్డం మానను. రెండు భాషలూ ఇంకా బాగా నేర్చుకుంటాను. మీరూ ఒకసారి ఆ ఆల్బమ్ వినండి!