డర్ట్ బైక్ పాయింట్ల లెక్క: గెలిచినవాడే ఛాంపియన్ కాడు

క్రికెట్‌లో నెట్ రన్ రేట్ గురించి మన ఇళ్లలో అందరూ మాట్లాడతారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో పెరుగుతున్న పిల్లలు మాత్రం స్కూల్లో స్నేహితుల దగ్గర డర్ట్ బైక్ రేసుల ముచ్చట్లు కూడా విని వస్తున్నారు. క్వీన్స్‌లాండ్ అన్నదమ్ములు జెట్ లారెన్స్, హంటర్ లారెన్స్ అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నాక ఈ ఆసక్తి ఇంకా పెరిగింది. 2025 సెప్టెంబరులో ప్రపంచ మోటోక్రాస్ సీజన్ చివరి రౌండ్ మన డార్విన్‌లోనే జరిగింది. ఫ్రాన్స్ రైడర్ రొమెయిన్ ఫెవ్ర్ 2015 తర్వాత మళ్లీ పదేళ్లకు ఛాంపియన్ అయింది అక్కడే. ఎమ్మెస్సీ దాకా లెక్కలు చదివి ఇల్లు చూసుకుంటున్న నాకు బైకుల కంటే ఆ పాయింట్ల పట్టికే ఎక్కువ ఆసక్తి కలిగించింది.

లెక్క ఇలా ఉంటుంది. ఒక రౌండ్‌లో ఆదివారం రెండు రేసులు. ఒక్కోదాన్ని మోటో అంటారు. మొదటి స్థానానికి 25, తర్వాత 22, 20, 18, 16, అక్కడి నుంచి 15, 14 అంటూ ఒక్కొక్కటి తగ్గి ఇరవయ్యో స్థానానికి 1. శనివారం క్వాలిఫయింగ్ రేసులో మొదటి పదిమందికి 10 నుంచి 1 వరకు అదనం. అంటే వారాంతానికి గరిష్ఠంగా 60.

ఒకడు ఒక మోటో గెలిచి, రెండోదాంట్లో నాలుగో స్థానంలో వచ్చాడనుకోండి: 25 + 18 = 43. ఇంకొకడు రెండింట్లోనూ రెండోవాడే: 22 + 22 = 44. ఒక్క రేసూ గెలవనివాడే ముందుంటాడు. ఇద్దరికీ సమానంగా వస్తే రెండో మోటోలో ముందున్నవాడికే ఆ రౌండ్ దక్కుతుంది.

అసలు కష్టం సున్నాతో వస్తుంది. మీరు పడిపోయి ఒక మోటో పోగొట్టుకున్నారు, పోటీదారు అది గెలిచాడు. తేడా 25. ఆ తర్వాత మీరు ప్రతిసారీ గెలిచి, అతను ప్రతిసారీ రెండో స్థానంలో వచ్చినా, ఒక్కో మోటోకి తగ్గేది మూడే. ఎనిమిది గెలుపులకు 24. దాటాలంటే తొమ్మిదోది కావాలి. అంటే నాలుగున్నర రౌండ్లు.

అందుకే దెబ్బ తగిలినా, నాలుగు పాయింట్ల కోసమైనా బైకెక్కాలనిపిస్తుంది. చెడ్డరోజును లెక్కలోంచి తీసేసే వీలు ఈ పద్ధతిలో లేదు.

దేశాల మధ్య జరిగే మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్‌లో లెక్క తలకిందులు. అక్కడ వచ్చిన స్థానమే పాయింటు, ఎంసెట్ ర్యాంకులాగా తక్కువైతేనే గొప్ప. జట్టుకు ముగ్గురు రైడర్లు, ఒక్కొక్కరికి రెండు రేసులు, మొత్తం ఆరు ఫలితాలు. అందులో అన్నిటికంటే చెడ్డదాన్ని వదిలేసి ఐదే కూడతారు. లారెన్స్ సోదరులు, కైల్ వెబ్‌స్టర్ కలిసి 2024లో ఆస్ట్రేలియాకు మొట్టమొదటిసారి ఈ కప్పు తెచ్చారు, 2025లో మళ్లీ గెలిచారు. ఒకరు పడినా మిగతావాళ్లు కాపాడుకునే వెసులుబాటు ఆ నిబంధనలోనే ఉంది.

జెట్ లారెన్స్ విషయమే చూడండి. 2023 అమెరికా మోటోక్రాస్‌లో 22 మోటోలకు 22 గెలిచి 550కి 550 తెచ్చుకున్నాడు. 2025 ఆరంభంలో మోకాలికి గాయమైతే మిగిలిన సూపర్‌క్రాస్ సీజన్ మొత్తం వదిలేసుకున్నాడు. మే నెలలో మోటోక్రాస్ మొదలయ్యేసరికి కోలుకుని వచ్చి ఆ టైటిల్ గెలిచాడు. పాయింట్లు పోతే వచ్చే సీజన్‌లో తెచ్చుకోవచ్చు, మోకాలు అలా కాదు.

ర్యాంకుల మధ్య పెరిగిన తల్లిదండ్రులం మనం. ఒక్క పరీక్ష తప్పితే జీవితం పోయిందనే భయం మనతోపాటు విమానమెక్కి వచ్చింది. పిల్లలు జూనియర్ రేసుల్లో చేరతామంటే హెల్మెట్, బూట్ల ఖర్చుతోపాటు ఆ పోటీ సప్ రెగ్స్ కూడా చదవండి. ఎన్ని రౌండ్లు లెక్కలోకి వస్తాయి, చెడ్డ ఫలితాన్ని వదిలేస్తారా, సమానమైతే ఎవరు ముందు, అన్నీ అందులో ఉంటాయి. తల తిరుగుతోందని పిల్లాడు చెప్పినప్పుడు 'ఇంకో రెండు పాయింట్లే కదా నాన్నా' అని మన నోట రాకుండా ఉండాలంటే, ఆ లెక్క రేసుకు ముందే మనకు తెలిసి ఉండాలి. ట్రాక్ పక్కన నిలబడ్డాక ఆలోచించే టైము దొరకదు.