చెప్పు ఇటలీ పోయింది, కుట్టినోడు ఎక్కడున్నడు?

2025 జూన్‌లో ఇటలీ దేశంలోని మిలాన్ పట్నంలో ప్రాడా అనే కంపెనీ ఫ్యాషన్ ప్రదర్శన పెట్టింది. అందులో కుర్రవాళ్ల కాళ్లకు తొడిగినవి అచ్చం కొల్హాపురి చెప్పులు. కొల్హాపూర్ పేరు లేదు. తరతరాలుగా వాటిని కుట్టిన చర్మకారుల ఊసు అసలే లేదు. గొడవ లేచినంక కంపెనీ దిగొచ్చి, వాటి మూలం భారతదేశపు చెప్పులేనని ఒప్పుకుంది. ఆ చెప్పుకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి అడిగినోళ్ల మాటకు బలం ఉండింది. కానీ ఆ పత్రం ఎవరి పేర ఉంది? మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు కార్పొరేషన్ల పేర. కొందరు బొంబాయి హైకోర్టుకు పోతే, హక్కుదార్లు రావాలి గాని మీరెవరని జూలైలో వ్యాజ్యం కొట్టేసింది. డిసెంబరులో ఆ కార్పొరేషన్లతోనే ప్రాడా ఒప్పందం చేసుకున్నది. 2,000 జతలు, జత దాదాపు 800 యూరోలు. మన లెక్కలో 80 వేల పైచిలుకు. అందులో ఆరె పట్టినోడి వాటా ఎంత?

ఇదంతా మనకెందుకంటారా? 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రతి జిల్లా ఎగుమతి కేంద్రం కావాలన్నాడు. అప్పటినుంచి జిల్లాకొక సరుకు, ఊరి సరుకు ప్రపంచానికి అని ఒకటే ఊదర. బౌద్ధనగర్ పక్కనే ఉస్మానియా, తార్నాక. సభలకు ఇక్కడ కొదవ లేదు. వేదిక మీద కోటు వేసుకున్నాయన చెప్తడు: ఎగుమతి చేయాలంటే ఐఈసీ నంబరు కావాలె, ఫీజు 500 రూపాయలు, ఏటా ఏప్రిల్-జూన్ మధ్య దాన్ని సరిచూసుకోవాలె, తోలు ఎగుమతి మండలిలో నమోదు కావాలె. మంచిదే, మన పిల్లలు నేర్చుకోవలసిందే. కానీ ఆయన పాఠం రేవు దగ్గర మొదలైతది. మన తొవ్వ వాడలోనే తెగిపోయింది.

ఎక్కడ తెగింది? లంద దగ్గర. తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలు పదును చేసి, మోటబొక్కెన నుంచి కిర్రుచెప్పు దాకా ఊరికి కావలసిందంతా మాదిగవాడ చేసిచ్చింది. కళ్లం కాడ కొలిచిన గింజలే దాని ధర. కరెంటు మోటరొచ్చి మోట పోయింది, ప్లాస్టిక్ చెప్పు వచ్చింది, లంద ఎండింది. పచ్చి తోలు మాత్రం ఆగలేదు, షావుకారి లారీలో మద్రాసు పోయింది. 1970లలో కేంద్రం పచ్చి తోళ్ల ఎగుమతి ఆపి, తయారైన సరుకే పంపాలన్నది. మాట సక్కనిదే. లాభం యంత్రాలు కొనగలిగినోడికి, బ్యాంకు నమ్మినోడికి. ఆయనకు తోలు పరిశ్రమ అయింది. మనకు అంటరానితనంగానే మిగిలింది.

ఇంకో తమాషా చూడండి. తోలులో క్రోమియం-6 అనే విషం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటితే 2015 మే నుంచి ఐరోపాలో అమ్మనివ్వరు. క్రోమ్ వాడే ఫ్యాక్టరీలు ఆ లెక్కకు భయపడతాయి. తంగేడు చెక్క లందలో క్రోమే వేయరు! అంటే దొరలు రోత అన్న మన విద్యే తెల్లోడికి కావలసిన విద్య. తంగేడును రాష్ట్ర పువ్వు చేసినోళ్లకు ఆ చెక్క విద్య ఎవరిదో గుర్తుకు రాలేదు.

సర్కారు ఏం చేయలేదా? చేసింది. 1973లో లిడ్‌క్యాప్ పెట్టింది. తర్వాత మినీ లెదర్ పార్కులన్నది. స్టేషన్ ఘన్‌పూర్‌లో, ఆర్మూరులో భూములు చూపింది. ఆ భూముల నుంచి ఓడెక్కిన ఒక్క జత చెప్పులు మీలో ఎవరన్నా చూసిన్రా? ధరలు పెరిగిన భూమి ఖాళీగా ఉంటే ఎవరి కన్ను పడుతదో నేను చెప్పనక్కర్లేదు.

మరి తోలు ఎక్కడిది? 2016 జూలైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత పిల్లల్ని బండికి కట్టి కొట్టిన్రు. నెల తిరగకముందే మన అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవును ఒలుస్తున్న అన్నదమ్ముల్ని చావబాదిన్రు. ఒలిచేటోడి వీపు మీద కర్ర, ఎగుమతిదారుడి మెడలో దండ. ఈ రెండూ ఒకే దేశంలో ఒకే సరుకు మీద నడుస్తున్నయి.

చదువుకున్న తమ్ముళ్లు అడుగుతరు, "మళ్లా తోలు పనేంది సారూ, అంబేద్కర్ చచ్చిన గొడ్లను మోయొద్దన్నడు గదా" అని. న్యాయమైన ప్రశ్న. బాబాసాహెబ్ వద్దన్నది ఊరి వెట్టిని, కులం నెత్తిన పెట్టిన బరువును. తోలు మీద లాభం మనకొద్దని ఎక్కడా అనలేదు. తడ దగ్గర ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారైతున్నయి. పేరు, లాభం, లెక్క పుస్తకం పై వాళ్లవి, కూలి మన ఆడబిడ్డలది. కూలి దొరకడం తప్పు కాదు. దాన్నే మన వ్యాపారం అని చెప్తే మాత్రం ఒప్పుకోము. అమరావతి స్తూపం మీద ఒక పలక ఉంది. పూర్ణఘటం చెక్కిన ఆ పలకను ఇచ్చింది చమ్మకార విధికుడు, ఉపాధ్యాయ నాగుని కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి ఇచ్చినట్టు రాసి ఉంది. పంతులు కొడుకు తోలు పని చేసిండు, సంపాదించిండు, బుద్ధుని స్తూపం మీద పేరు చెక్కించుకున్నడు. మధ్యలో వచ్చిన మనువు ఆ పేరు తుడిచిండు.

కాబట్టి అడగవలసింది శిక్షణ సర్టిఫికెట్లు కాదు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల బూట్ల ఆర్డరు ముందు మన సొసైటీలకు ఇవ్వాలె. సొంత రాష్ట్రంలో ఆర్డరు లేనోడు జర్మనీల ఏం అమ్ముతడు? కేంద్ర శాఖల కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమలకు 4 శాతం అని 2012 నుంచి కాగితం మీద ఉంది, దాని లెక్క చెప్పాలె. తెలంగాణ భౌగోళిక గుర్తింపు పట్టికలో పోచంపల్లి ఇక్కత్ ఉంది, నిర్మల్ బొమ్మలున్నయి, హైదరాబాద్ హలీం కూడా ఉంది. కిర్రుచెప్పు లేదు, డప్పు లేదు. 1999 చట్టం ప్రకారం చేసేవాళ్ల సంఘమే దరఖాస్తు పెట్టొచ్చు. కార్పొరేషన్ పేర పెడితే కొల్హాపూర్ లెక్కనే అయితది.

లెదర్ పార్కు ఉన్న మండలాల కార్యకర్తలు ముందు ఒక పని చేయాలె. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకైతే 10. ఎన్ని ఎకరాలు, సర్వే నంబరెంత, ఇప్పుడు ఎవరి ఆధీనంలో ఉంది, ఎంత ఖర్చయింది అని నాలుగు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబియ్యాలె. వచ్చిన కాగితం నకలు పత్రికకు పంపండి, ఊరి పేరుతో సహా అచ్చేస్తము.